పెద్ద గిన్నెలోంచి ఒక గరిటె

"ఎంతసేపు? లోపలే కాపురం పెట్టేస్తావా ఏంటి?"

వదిన అరచెయ్యి బాత్‌రూం తలుపు మీద దబదబా పడింది. లోపల చల్లటి గోడకి తల ఆనించి కూర్చున్న క్రేనమ్మ పలకలేదు. కడుపులో మెలి ఇంకా విడలేదు. దానికి తోడు పొద్దున కాఫీల దగ్గర తను అందరి ముందూ అనేసిన మాట చెవుల్లో తిరుగుతోంది.

"నా గిన్నెలో గోధుమ పిండి కలుపుతున్నది మీరే వదినా."

అదీ ఆ మాట. మొగుడి అక్కని, అత్తగారు వింటుండగా, మొగుడు వింటుండగా అంది. నోరు జారిందని చెప్పుకోవడానికి లేదు, ఎందుకంటే జారలేదు. రాత్రంతా లోలోపల నమిలి నమిలి అన్న మాట అది.

"నింద వెయ్యడానికి నోరుంది కదా, వచ్చి నిలబడ్డానికి కాళ్ళు లేవా?"

"కాళ్ళున్నాయి వదినా. కడుపే సరిగ్గా లేదు."

"అదే మరి! ఎప్పుడు చూడు కడుపు, కడుపు. మేం ఇక్కడ సెలవులు గడపడానికి వచ్చామా, నీ కడుపుకి కాపలా కాయడానికి వచ్చామా?"

క్రేనమ్మ అన్నది పుట్టినప్పుడు పెట్టిన పేరు కాదు. టవర్ క్రేన్ నడిపే ఆడమనిషిని సైటులో మేస్త్రీలు ముందు ఎగతాళిగానూ, తర్వాత్తర్వాత గౌరవంగానూ పిలిచిన పేరు. ఆకాశంలో ఓ చిన్న గాజు గదిలో కూర్చుని, మీటలు రెండు చేతుల్లో పట్టుకుని, ఇనుప దూలాన్ని ఎక్కడ పెట్టమంటే అక్కడ చప్పుడు కాకుండా దించేది. ఆ పని అంటే ఆమెకి ప్రాణం.

పోయిన వేసవిలో ఒక రోజు దూలం గాల్లో ఉండగా కడుపు తిరగబడింది. దూలాన్ని జాగ్రత్తగానే దించింది గానీ, తను నిచ్చెన సగం దిగేసరికే బట్టల్లోనే అంతా అయిపోయింది. కింద సైటు సైటంతా తలెత్తి చూస్తోంది. ఆ మర్నాటి నుంచి ఆమెకి గేటు దగ్గర కుర్చీ వేశారు, వచ్చే లారీలకీ పోయే లారీలకీ చీటీలు రాసిమ్మని.

పరీక్షలన్నీ చేసి కంపెనీ డాక్టరు సీలియాక్ అని పేరు చెప్పాడు. గోధుమ ఏ రూపంలో లోపలికి పోయినా ఆమె పేగులు ఒప్పుకోవు. రొట్టె తినక్కర్లేదు, రొట్టె కోసిన కత్తితో పండు కోసి తిన్నా చాలు. మందు లేదు, మానడమే మందు. ఆమె మానేసింది. నెలల తరబడి నోరు కట్టుకుంది, వేళకి తింది, సాయంత్రాలు నడిచింది, పోయిన ఒళ్ళు మెల్లగా తెచ్చుకుంది.

"సెలవులవగానే సోమవారం రామ్మా. బరువు చూస్తాను, రక్తం చూస్తాను. రెండూ బాగుంటే నిన్ను పైకెక్కమని నేనే సంతకం పెడతాను," అన్నాడు డాక్టరు. "బాగాలేకపోతే మాత్రం ఆ సీటు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. అది నా చేతుల్లో ఉండదు."

ఇవాళ శుక్రవారం. సైటు మూసేసిన సెలవులకి అత్తగారింటికి వచ్చిన రోజు ఆమె బరువు బాగానే ఉంది. ఆ తర్వాత రోజు రోజుకీ తగ్గుతోంది.

ఆ తగ్గడం గురించి కూడా చెప్పుకోవాలి. వదిన తన ఊళ్ళో జిమ్ములో శిక్షకురాలు. సెలవులకి పుట్టింటికి వస్తూ వస్తూ బట్టల పెట్టెతో పాటు ముల్లు తిరిగే తూకం యంత్రం ఒకటి మోసుకొచ్చి హాల్లో పడేసింది. ఈ సెలవుల్లో ఇంటిల్లిపాదీ ఒళ్ళు తగ్గాలని ఆవిడ శపథం. పొద్దున్నే వరసగా అందరూ ఎక్కాలి. ముల్లు కిందికి దిగినవాళ్ళకి చప్పట్లు. క్రేనమ్మ ఎక్కినప్పుడు ముల్లు అందరికన్నా ఎక్కువ దిగేది. వదిన అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టేది. ఆ చప్పట్ల మధ్య క్రేనమ్మ చెప్పులేసుకుని వీధిలోకి పోయి, మూసి ఉన్న కొట్ల ముందు నిలబడి ఏడ్చి వచ్చేది.

తలుపు తెరుచుకుంది. వదిన నడుం మీద చేతులు పెట్టుకుని అక్కడే ఉంది.

"పద వంటింట్లోకి. పొద్దున అన్నది మళ్ళీ అను. అమ్మ ముందు అను."

"అంటాను. పదండి."

వంటింట్లో మొగుడు కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని కుక్కరు పిడికి స్క్రూ బిగిస్తున్నాడు. అతనూ అదే సైటులో లిఫ్టు మెకానిక్కు. ఇంట్లో ఎవరిమధ్య గొడవైనా సరే, స్క్రూడ్రైవరు పట్టుకుని ఏదో ఒకటి బిగిస్తూ కూర్చోవడం అలవాటు. ఈ సెలవుల్లో ఆ ఇంట్లో బిగించడానికి ఇంక స్క్రూలు మిగల్లేదు.

"చెప్పు," అంది వదిన.

"సెలవుల మొదట్లో నా పెనం మీద మీరు రొట్టె కాల్చుకున్నారా లేదా?"

"కాల్చుకున్నాను. కడిగేశాను. అయిపోయింది."

"వద్దని ఎర్రదారం కట్టి మరీ పెట్టిన పెనం అది."

"అబ్బో, దారం కట్టింది! ఈ ఇంట్లో నేను పుట్టాను. నువ్వు దారం కట్టిన చోటల్లా నేను చేతులు కట్టుకు నిలబడాలా?"

"'నీ జబ్బంతా మనసులోదే, ఒకసారి తెలీకుండా తినిపిస్తే తేలిపోతుంది' అన్నారా లేదా?"

"అన్నాను. ఇప్పుడూ అంటాను. అనడానికీ చెయ్యడానికీ తేడా లేదా? దొంగచాటుగా పిండి కలిపే ఖర్మ నాకేంటి? కలపాలనుకుంటే నీ ఎదురుగానే కలుపుతా."

"మరి నాకెందుకిలా అవుతోంది?"

"ఎందుకో చెప్పనా?" వదిన ఒక అడుగు ముందుకేసింది. "నీకు కడుపునొప్పీ లేదు, కాలునొప్పీ లేదు. భయం. ఆ రోజు నిచ్చెన మీద పరువు పోయింది కదా, మళ్ళీ ఎక్కాలంటే వణుకు. సోమవారం దగ్గరకొస్తోందని ఇప్పట్నుంచే వంక వెతుక్కుంటున్నావు. ఆ వంకకి నేను దొరికాను."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది, ఎందుకంటే అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు క్రేనమ్మ తనని తాను అడుక్కునే ప్రశ్న కూడా అదే. ఆమె మొగుడి వైపు చూసింది. ఒక్క మాట, కనీసం "అక్కా, ఊరుకో" అన్న మాటైనా వస్తుందేమోనని చూసింది.

"ఇద్దరూ కాస్త తగ్గండి," అన్నాడతను కుక్కరు పిడితో.

"ఇద్దరూనా?" అంది క్రేనమ్మ.

"ఇద్దరూనా?" అంది వదిన. ఆ పూట వాళ్ళిద్దరి మాటా కలిసింది అక్కడొక్కచోటే.

అంతవరకూ కూరగాయలు తరుగుతున్న అత్తగారు కత్తి పలక మీద అడ్డంగా పెట్టేసింది. ఆవిడ పదవీవిరమణ చేసిన క్యాంటీన్ వంటమనిషి. ఒక పెద్ద ఆఫీసులో వందలమందికి వండి పెట్టి, ఒక్కరితోనూ ఉప్పు తక్కువైందని అనిపించుకోని మనిషి.

"ఇద్దరూ నా వంటింట్లో నిలబడి ఎవర్ని అనుమానిస్తున్నారు? దాని గిన్నెలో ఏం పడినా నా చేతిలోంచే కదా పడాలి! అంటే కోడలికి నేను చూసి పెట్టలేదనేగా?"

"మిమ్మల్ని అనలేదు అత్తయ్యా. మీరు ఏమరుపాటుగా ఉన్నప్పుడు..."

"నేను ఏమరుపాటుగా ఉంటే క్యాంటీను ఎప్పుడో మూతపడేది. కూర్చో. అందరూ కూర్చోండి. ఇవాళ మీ కళ్ళ ముందే వండుతాను. ఎవరు ఏం కలుపుతున్నారో కళ్ళు పెద్దవి చేసుకుని చూడండి."

ఆవిడ వండుతుంటే చూడాలనిపిస్తుంది ఎవరికైనా. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది. కోడలి కోసం విడిగా ఉంచిన అరలోంచి కోడలి గిన్నె తీసింది, కోడలి పలక, కోడలి కత్తి, కోడలి గరిటె తీసింది. వాటిమీద మళ్ళీ నీళ్ళు పోసింది. కూరగాయలు కొత్తగా తరిగింది. పొయ్యి మీద ఒక పక్క పెద్ద గిన్నెలో ఇంటిల్లిపాదికీ చేసిన సూపు, గోధుమ పిండి వేయించి కలిపినది, చిక్కగా ఉడుకుతోంది. రెండో పక్క కోడలి చిన్న గిన్నె పెట్టి, మధ్యలో ఒక పళ్ళెం అడ్డం నిలబెట్టింది, అందులోది ఇందులోకి చింది పడకుండా.

క్రేనమ్మకి సిగ్గేసింది. ఇంత శ్రద్ధగా చేస్తున్న మనిషి వంటింట్లో నిలబడి తను ఎంత మాట అంది! నిజంగానే ఇది భయమేనేమో, తనే ఒప్పేసుకుని వదిన కాళ్ళ మీద పడిపోవాలేమో అనుకుంది.

సూపు ఉడికింది. అత్తగారు ఉప్పు వేసి, మూత తీసి, మంట తగ్గించింది. తర్వాత పెద్ద గిన్నెలో ఉన్న పెద్ద గరిటె తీసి, నిండా ముంచి, ఆ పళ్ళెం మీదుగా ఎత్తి కోడలి గిన్నెలో పోసేసింది. పోసి ఒకసారి కలిపింది.

"ఇదిగో. చూశారుగా? ఎవరైనా ఏమైనా కలిపారా?"

క్రేనమ్మ లేచి నిలబడింది. స్టూలు వెనక్కి పడింది.

"అత్తయ్యా, ఇప్పుడేం చేశారు?"

"ఏం చేశాను?"

"ఆ గరిటె. పెద్ద గిన్నెలోంచి."

"అదా?" అత్తగారు నిజంగానే తెల్లబోయింది. "అది కలపడమెందుకవుతుంది? అది మొదలు. కొత్త గిన్నె ఎప్పుడూ పాత గిన్నెలోంచి ఒక గరిటె పోస్తేగాని పూర్తవదు. క్యాంటీనులో మొదటి రోజు నుంచి ఆఖరి రోజు దాకా అలాగే చేశాను. నిన్నటి రుచి ఇవాళ్టికి రావాలంటే అదే దారి."

"రోజూ పోశారా?"

"పొయ్యకుండా ఎలా? పొయ్యకపోతే అది ఆస్పత్రి తిండి అవుతుంది గానీ మనింటి తిండి ఎలా అవుతుంది? నీకు గిన్నె వేరు, గరిటె వేరు, అర వేరు. అందరం ఒకటి తింటుంటే నువ్వొక్కదానివే వేరేది తింటావు. నాకు మనసొప్పేది కాదు. ఒక్క గరిటైనా మాతో కలిసి తిన్నట్టుంటుందని..."

చెప్తూ చెప్తూ ఆవిడ ఆగిపోయింది. చేతిలో గరిటె వైపు చూసుకుంది. అందులోంచి చిక్కటి సూపు బొట్లు బొట్లుగా నేల మీద పడుతోంది.

"అందులో పిండుంది కదూ," అంది నెమ్మదిగా.

వదిన చప్పట్లు కొట్టింది. తూకం యంత్రం దగ్గర కొట్టే చప్పట్లే.

"ఇప్పుడు చెప్పు మరదలా. పొద్దున నా మీద వేసిన నింద ఎక్కడ పెట్టుకోవాలి?"

"తప్పయింది వదినా."

"వినబడలేదు."

"తప్పయిపోయింది."

"పొద్దున వీధి చివరిదాకా వినబడేట్టు అన్నావు. అంత గట్టిగా చెప్పు."

క్రేనమ్మ అంత గట్టిగానూ చెప్పింది. వదిన విని, తల పంకించి, "నేను మాత్రం క్షమించలేదు," అంది. ఆవిడ అన్న మాట మీద నిలబడే రకం.

అత్తగారు చిన్న గిన్నె ఎత్తి ఉన్నదంతా సింకులో గుమ్మరించింది. తర్వాత పెద్ద గిన్నె కూడా ఎత్తబోయి, బరువుకి మళ్ళీ పొయ్యి మీదే దించేసింది. ఆవిడకి దుఃఖం వస్తే అది కోపంగానే బయటికొస్తుంది.

"అందరూ నన్ను చూస్తారేం? నాకేం తెలుసు? నాకు చదువుందా, డాక్టరు దగ్గరికి నేను వెళ్ళానా? అయినా అడక్కుండా పొయ్యలేదు నేను. మొదటి రోజే గరిటె పైకెత్తి పట్టుకుని అడిగాను. వీడు ఇక్కడే ఉన్నాడు. ఇదే కిటికీ దగ్గర. 'ఒక్క గరిటెకి ఏం కాదులే అమ్మా, పొయ్యి' అన్నాడు. అన్నావా లేదా రా?"

స్క్రూడ్రైవరు ఆగింది.

క్రేనమ్మ మొగుడి వైపు తిరగడానికి కొంచెం సమయం పట్టింది. ఎందుకంటే ఈ ఇంట్లో ఆ జబ్బు గురించి తెలియనివాళ్ళు ఉంటే ఉండొచ్చు గానీ అతను కాదు. డాక్టరు చెబుతుంటే పక్క కుర్చీలో కూర్చుని విన్నది అతను. తమ ఇంటికి రాగానే పిండి డబ్బా తీసుకెళ్ళి బయట పారబోసి, అర మొత్తం తడిగుడ్డతో తుడిచినది అతను. కొట్లో ప్రతి పొట్లం వెనకా రాసింది చదివి మరీ కొన్నది అతను. కత్తికి అంటుకున్నది కూడా చాలునని ఆమెకే గుర్తుచేసేవాడు.

"లోపలికి రా," అంది ఆమె.

అతను కుక్కరు పిడి అక్కడే పెట్టి లేచాడు. వదిన ఏదో అనబోయి, తల్లి ముఖం చూసి మానుకుంది.

గది తలుపు వేసి క్రేనమ్మ దానికి వీపు ఆనించి నిలబడింది. మంచం మీద సగం సర్దిన పెట్టె ఉంది. సోమవారానికి ఇస్త్రీ చేసి పెట్టుకున్న నారింజరంగు సైటు కోటు అన్నిటికన్నా పైనుంది.

"అన్నావా?"

"అమ్మ అంత ఆశగా అడిగింది. పండగలాంటి సెలవులు, మొదటి రోజే గొడవెందుకని..."

"ఏం కాదని నువ్వు నమ్మే అన్నావా?"

అతను పెట్టె మూత సర్దబోయాడు.

"నేను బాత్‌రూంలో ఉంటే తలుపు దగ్గర నిలబడి మంచినీళ్ళిచ్చావు. నా నుదురు తుడిచావు. ఎవరు చేశారో తెలీదంటే, మీ అక్కే అయ్యుంటుందని నేనంటే, నా మాట విని తలూపావు. పొద్దున నేను ఆవిణ్ణి అందరి ముందూ దొంగని చేస్తుంటే కాఫీ తాగుతూ కూర్చున్నావు. ఒక్క గొడవ తప్పించడానికి ఇన్ని చేశావా? నాకు నమ్మబుద్ధి కావడం లేదు. నిజం చెప్పు."

"నిజం చెబితే ఇంకా కోప్పడతావు."

"ఇంతకన్నానా?"

అతను మంచం అంచున కూర్చున్నాడు. కోటు వైపు చూశాడు.

"ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. నిచ్చెన కింద. అందరూ నీ బట్టలు చూశారు. నేను నీ చెయ్యి చూశాను. ఒక చెయ్యి జారింది. ఒక్క చేతి మీద వేలాడావు. మళ్ళీ పట్టుకున్నావు. నీకది గుర్తు కూడా లేదు. నాకు అప్పట్నుంచి కళ్ళు మూస్తే ఆ చెయ్యే." అతను కోటు మడత సర్దాడు. "నువ్వు గేటు దగ్గర కూర్చున్నాక నేను మనిషిలా అన్నం తిన్నాను. నిద్రపోయాను. అమ్మ గరిటె ఎత్తి పట్టుకున్నప్పుడు నేనేం లెక్కలు వెయ్యలేదు. నోట్లోంచి వచ్చేసింది. రెండో రోజు ఆపొచ్చు. మూడో రోజూ ఆపొచ్చు. ఆపలేకపోయాను."

వదిన మీద ఆమెకి ఎన్నడూ ఇంత కోపం రాలేదు. వదిన తిట్టింది, ఎగతాళి చేసింది, చప్పట్లు కొట్టింది. అన్నీ ఎదురుగా నిలబడే చేసింది.

"జబ్బు చేస్తే చేసింది, నేల మీదే ఉంటుందిలే అనుకున్నావు."

"అలా అనకు."

"ఒకటే అడుగుతాను. సోమవారం నా సీటు పోతే నీకు బాధేస్తుందా?"

అతను తల వంచుకున్నాడు.

"నువ్వు కిందే ఉంటావుగా," అన్నాడు.

బయట అత్తగారు నేల తుడుస్తోంది. బాల్చీ జరిగిన చప్పుడు వినబడింది. క్రేనమ్మ కళ్ళు తుడుచుకోలేదు, ఎందుకంటే ఏడుపు రాలేదు. పెట్టె పక్కనున్న ఫోను తీసి కంపెనీ డాక్టరు నంబరు నొక్కింది. ఏ అవసరమొచ్చినా సెలవని చూడకుండా చెయ్యమన్నాడాయన.

"ఏం చేస్తున్నావ్?" మొగుడు లేచి నిలబడ్డాడు.

"నేను చెబితే నోరు కట్టుకోలేక ఏదో తినేసి వంకలు చెబుతున్నాననుకుంటారు. నువ్వు చెప్పు. ఇంట్లో ఏం జరిగిందో, ఎవరు పొయ్యమన్నారో ఉన్నదున్నట్టు చెప్పు. కాస్త గడువిమ్మను. గడువిస్తే ఒళ్ళు నేను తెచ్చుకుంటాను. నువ్వు చేసిన దానికి నేనడిగేది ఇదొక్కటే."

స్పీకరు నొక్కి ఫోను అతని నోటి దగ్గర పట్టుకుంది. రెండుసార్లు మోగాక అవతల డాక్టరు గొంతు హుషారుగా వినబడింది.

"ఆ, చెప్పమ్మా! ఎలా ఉంది ఒంట్లో? సోమవారానికి సిద్ధమేనా?"

అతను భార్య ముఖంలోకి చూశాడు. ఆమె తలూపింది, చెప్పమన్నట్టు. ఆ క్షణంలో కూడా ఆమె అతన్ని నమ్మింది.

"బాగాలేదు డాక్టరుగారూ," అన్నాడు. "ఏమీ బాగాలేదు. రోజూ పడిపోతోంది. మీకు చెప్పడం తనకిష్టం లేదు. దయచేసి తనని ఇంక పైకి పంపకండి."

అవతలి గొంతులో హుషారు పోయింది.

"మాట్లాడుతున్నదెవరండీ?" అని అడిగాడు డాక్టరు.

ఫోను పట్టుకున్న క్రేనమ్మ చెయ్యి కదల్లేదు. అతను ఆ చేతినే చూస్తూ చెప్పాడు.

"తన భర్తనండీ."